మంచు అనే మాటకు నేను చెప్పిన అర్థం

ఆ డ్రైవర్ నిద్రపోలేదు.

ఈ మాట నేను ఎప్పుడో చెప్పాల్సింది. మస్కట్‌లో మన తెలుగువాళ్ళ రూముల్లో అతని ప్రస్తావన వస్తే, స్టీరింగ్ మీద కునుకు తీసి బండిని కొండకు గుద్దాడనే అంటారు. మవాలేలో అంటారు, రూవిలో అంటారు, అతన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా అంటారు. ఆ మాట పుట్టింది నా నోట్లో. తొందరలో నోరు జారింది కాదు. చుట్టూ చూసి, ఆలోచించుకుని అన్నాను. దాంతో ఆ మనిషికి మళ్ళీ ఎవరూ బండి తాళం ఇవ్వలేదు.

నేను అల్ మవాలేలో ఒక టైర్ల షాపులో కౌంటర్ మీద కూర్చుంటాను. నాది గుంటూరు వైపు. ఇక్కడ టైర్ల పనిచేసేవాళ్ళకు ఉండే భయం ఒకటే, ఎండ. వేసవిలో మధ్యాహ్నం హైవే మీద టైరు పేలిపోవడం మేం చూడని సంవత్సరం లేదు. అందుకని టైరు ఎండకు ఆగుతుందా లేదా అన్నదే చూస్తాం. చలికాలం వస్తే ఊపిరి పీల్చుకుంటాం. అప్పుడు షాపుకొచ్చేది రెండు రకాలవాళ్ళు. ఇసుకలో క్యాంపులకు పోయేవాళ్ళు, బండికి షోకులు చేయించుకునేవాళ్ళు. చలికి ఏ టైరు మంచిదని అడిగిన మనిషిని నేను అంతవరకు చూడలేదు.

ఒక చలికాలం మొదట్లో అజైబా నుంచి ఒక ఒమానీ పెద్దాయన వచ్చాడు. షాపులో అందరం ఆయన్ని అర్బాబ్ అంటాం. యజమాని అన్నమాట. ఆయనకు జెబెల్ షమ్స్ మీద చిన్న క్యాంపు ఉంది. నాలుగు గదులు, కొన్ని గుడారాలు, చలికాలం వారాంతాల్లో జనం వచ్చి ఉండిపోతారు. జెబెల్ అంటే కొండ, షమ్స్ అంటే సూర్యుడు. పేరు అదైనా దేశంలో అన్నిటికంటే చలి ఆ కొండ మీదే. అక్కడికి సామానూ వంటమనిషినీ చేరవేసే పెద్ద ఎస్‌యూవీకి టైర్లు అరిగిపోయాయి. చక్రాలు కూడా మార్చేద్దాం అనుకుంటున్నానని చెప్పాడు. చెబుతూ చెబుతూ మా అద్దాల వెనక పెట్టిన నల్ల రిమ్ముల వైపు చూశాడు. పెద్ద సైజు రిమ్ములవి. వాటి చుట్టూ వెడల్పాటి టైర్లు, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే పక్కగోడ మాత్రం నాలుగు వేళ్ళ ఎత్తు కూడా ఉండదు. చూడ్డానికి బాగుంటాయి.

ఇవి కొండకు పనికొస్తాయా అని అడిగాడు. పనికొస్తాయన్నాను.

నిజానికి పనికొచ్చేవి మా దగ్గరే ఉన్నాయి. వెనక గోడౌన్‌లో పై అరలో ఒక సెట్ ఎన్నాళ్ళుగానో పడి ఉంది. కొంచెం చిన్న రిమ్ములు, ఎత్తు పక్కగోడలు, చలిలో కూడా బిగుసుకుపోని మెత్తటి రబ్బరు. ఆ టైర్ల పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ అచ్చు వేసి ఉంటుంది. గడ్డకట్టే చలికి పరీక్షించిన టైరని ఆ బొమ్మకు అర్థం. మామూలు టైరు రబ్బరు ఎండకు తయారైంది, చలి పెరిగేకొద్దీ చెక్కలా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఎంత వెడల్పుంటే అంత జారుడు. ఇదంతా నాకు తెలుసు. కంపెనీ వాళ్ళు ఒకసారి కూర్చోబెట్టి చెప్పారు కూడా. తెలిసిన విషయం అవసరమైనప్పుడు నాలుక మీదికి రాలేదు, అంతే. ఆయన నల్ల రిమ్ములు చూసి సంతోషంగా ఉన్నాడు. నేను ఆ సంతోషం పక్కనే నిలబడ్డాను.

మర్నాడు బండి తీసుకుని డ్రైవర్ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. సన్నగా, తక్కువ మాట్లాడుతూ ఉంటాడు. మా ఫిట్టర్లు పాత చక్రాలు విప్పి కొత్తవాటిని బ్యాలెన్సింగ్ మెషిన్‌కి ఎక్కిస్తున్నారు. అతను వెళ్ళి ఒక టైరు పక్కగోడను బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"సారూ, మీద మంచుంటది. ఇవి ఆగుతయా?"

"మంచుకి టైరేం చేస్తుందయ్యా? లైట్లు వేసుకుని మెల్లగా పో" అన్నాను. ఫిట్టర్లలో ఒకడు మనవాడే, నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ఇంకో మెట్టెక్కాను. "మీ జగిత్యాలలో మంచు పడితే టైర్లు మారుస్తారా ఏంటి?"

"మా జగిత్యాలల టైర్లు మార్చరు సారూ, డ్రైవర్ని మారుస్తరు" అన్నాడు.

అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతవరకు నేను అందరికీ చెప్పిన కథే. ఎవరైనా గుచ్చి అడిగితే ఇంకొంచెం కలిపేవాణ్ణి. తెలుగులో మంచు అనేది ఒక్కటే మాట కదా అనేవాణ్ణి. తెల్లవారుజామున పొలాల మీద పొగలా పరుచుకునేది మంచే. గడ్డి మీద నిలిచే బొట్లూ మంచే. టీవీలో కశ్మీర్ కొండల మీద కనపడేదీ మంచే, గడ్డకట్టి రాయిలా తయారైందీ మంచే. నేను పుట్టిన ఊళ్ళో మంచంటే దారి కనపడకపోవడం. అతను గడ్డకట్టిన మంచు గురించి అడిగాడు, నేను పొగమంచు అనుకున్నాను. ఒకే భాషవాళ్ళం కాబట్టే మోసపోయాం, హిందీలో అడిగుంటే తెలిసేది అని కూడా అనేవాణ్ణి. వినేవాళ్ళు తల ఊపేవారు. నాకూ ఆ వివరణ ఎంత బాగా అమరిందంటే, కొన్నాళ్ళు నేనే నమ్మాను.

అందులో వదిలేసింది ఒకటుంది. అందరం నవ్వాక అతను వెంటనే వెళ్ళిపోలేదు. చేతిలో ఉన్న తాళంచెవితో నా కౌంటర్ అద్దం మీద టకటకా కొట్టాడు.

"పొగ గాదు సారూ. గిట్ల. ట్యాంకర్ నీళ్ళు కారిన మలుపు కాడ పొద్దుగాల గిట్లయితది."

అని, అరచెయ్యి అద్దం మీద పెట్టి పక్కకు నెట్టాడు. చెయ్యి సర్రున జారి కౌంటర్ అంచు దాటి గాల్లోకి పోయింది. నేను ఆ చేతిని చూశాను. ఏ మంచో అర్థమైంది. గోడౌన్‌లో పై అర కూడా గుర్తొచ్చింది. అప్పటికి రెండు చక్రాలు బండికి ఎక్కేశాయి. వాటిని దించాలంటే అర్బాబ్‌కు ఫోన్ చేసి, నిన్న నేను చెప్పింది తప్పండీ అనాలి. షాపులో అందరి ముందూ ఇతని మాట నిజమని ఒప్పుకోవాలి.

"అంత భయమైతే దుప్పటి కప్పుకుని పడుకో" అన్నాను.

ఈసారి అతను నవ్వలేదు.

ఆ వారం ఉత్తరపు గాలి తిరిగింది. మస్కట్‌లో కూడా పొద్దున పూట ఫిట్టర్లు స్వెట్టర్లు వేసుకుని వచ్చారు. గురువారం మధ్యాహ్నం పనిలేక షాపు బయట నిలబడితే, ఎండలోనే చేతులు చల్లబడ్డాయి. తలుపు దగ్గర పేర్చిన టైరును గోటితో నొక్కాను. గోరు దిగలేదు. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో ఎవరో జెబెల్ షమ్స్ వీడియో పెట్టారు. ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్ళు రాత్రికి గడ్డకట్టాయి. ఒకతను దాన్ని రెండు చేతులతో పైకెత్తి కెమెరాకు చూపిస్తున్నాడు. గుండ్రటి అద్దంలా ఉంది, వెనకనుంచి అతని మొహం కనపడుతోంది. గ్రూపులో అందరూ అబ్బురపడి బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. ఫోన్ చేతిలోనే ఉంది. అర్బాబ్ నంబర్ దాంట్లోనే ఉంది.

శుక్రవారం తెల్లవారగానే క్యాంపు నుంచి కిందికి రొట్టెలకు, పాలకు బయల్దేరారు. బండిలో డ్రైవర్, పక్క సీట్లో క్యాంపుకు వండిపెట్టే కడప జిల్లా ఆమె. క్యాంపుకు నీళ్ళు మోసే ట్యాంకర్ కార్చుకుంటూ పోయే మలుపు దగ్గర బండి జారింది. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. బండి కొండకు కొట్టుకుంది. అతనికి నుదురు పగిలింది, ఆమెకు కుడి మణికట్టు విరిగింది. లోయ వైపు పోయుంటే ఈ రాయడం వేరుగా ఉండేది.

మర్నాడు చీకటితోనే అర్బాబ్ నన్ను కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. టైర్లు ఒకసారి చూసి చెప్పు, డ్రైవర్ టైర్లు పట్టలేదంటున్నాడు అన్నాడు. కొండ ఎక్కుతున్నకొద్దీ కారు అద్దాలు లోపలినుంచి తెల్లబడ్డాయి. ఆయన మాటిమాటికీ అరచేత్తో తుడుచుకున్నాడు. మేం చేరేసరికి ఎండ పై శిఖరాల మీదే ఉంది, మలుపులోకి ఇంకా దిగలేదు. బండి ముందుభాగం నలిగి రాతికి ఆనుకుని ఉంది. నల్ల రిమ్ములు మాత్రం మెరుస్తున్నాయి.

దిగి రెండడుగులు వేశాను. మూడో అడుగు జారింది. రోడ్డు మీద ఏమీ కనపడలేదు, కాంక్రీట్ కొంచెం తడిసినట్టు ఉంది, అంతే. బండి డోరు పట్టుకుని నిలదొక్కుకున్నాను. అర్బాబ్ అటువైపు తిరిగి లోయలోకి చూస్తున్నాడు. నేను జారడం ఆయన చూడలేదు. బూటు కొనతో తట్టాను. అద్దం మీద తాళంచెవి తగిలినట్టు సన్నగా చప్పుడైంది. ఆ చప్పుడు నాకు తెలుసు. నా కౌంటర్ మీద విన్నాను.

ఆయన దగ్గరికి వచ్చి, టైర్లు సరైనవేనా అని హిందీలో అడిగాడు.

టైర్లు కొత్తవి, మంచివి అన్నాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. రోడ్డు చూపించి చెప్పాను.

"బ్రేక్ వేసిన గుర్తు ఒక్కటి కూడా లేదు చూడండి. కునుకు పట్టి ఉంటుంది."

మామూలు రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే నల్లటి చార పడుతుంది. గడ్డకట్టిన నీళ్ళ మీద పడదు, టైరు రోడ్డును తాకితేగా. టైర్ల పని చేసేవాడికి ఇది తెలియకుండా ఉండదు. తెలిసిన పనిని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పాను. అర్బాబ్ చెడ్డమనిషి కాదు. రోడ్డంతా చూశాడు, గుర్తు లేదు. తల ఊపాడు.

వంటామెకు చెయ్యి సరిగా అతకక ఊరికి పంపించారు. డ్రైవర్‌ను అర్బాబ్ తనకు తెలిసిన కంపెనీకి మార్పించాడు, సైట్‌లో సిమెంటు పనికి. అంతకంటే కఠినంగా చేసే హక్కు ఉన్నా చేయలేదని అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నన్ను ఎవరైనా అడిగితే తెలుగులో మంచు అనే మాట గురించి చెప్పేవాణ్ణి.

ఒకసారి రూవి నుంచి బైజా బస్సు ఎక్కాను. వ్యాన్‌లా చిన్న బస్సది, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతాయి. అతను లోపల ఉన్నాడు. జుట్టులో సిమెంటు, నుదుటి మీద తెల్లటి మచ్చ. నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది. పక్కకు జరిగి, "కూసో సారూ" అన్నాడు. కూర్చున్నాను. దిగేదాకా ఇద్దరం కిటికీలోంచి చూశాం.

మళ్ళీ చలికాలం వచ్చింది. అర్బాబ్ కొత్త ఎస్‌యూవీతో వచ్చాడు, పక్కన కొత్త డ్రైవర్, మలయాళీ అబ్బాయి. క్యాంపుకు వెళ్ళే బండేనన్నాడు. అద్దాల వైపు చూపించి, అప్పటిలాంటివే వేయి, చూడ్డానికి బాగుండేవి, పాపం ఆ నిద్రమొహంవాడు పాడు చేశాడు అన్నాడు.

అప్పుడు చెప్పాను. కౌంటర్ అద్దం సంగతి, గోడౌన్ పై అర సంగతి, రోడ్డు మీద బ్రేక్ గుర్తు ఎందుకు పడలేదో, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విని అడిగాడు.

"ఆరోజు నువ్వే రోడ్డు చూపించి గుర్తు లేదన్నావు. ఈరోజు గుర్తు పడదంటున్నావు. ఏది అబద్ధం?"

ఆరోజుదే అన్నాను. అయితే బ్రేక్ వేశాడా అని అడిగాడు. వేసే ఉంటాడన్నాను. నువ్వు చూశావా అన్నాడు. చూడలేదన్నాను. ఆయన లేచాడు. సరైన సెట్ లోపల ఉంది, ఊరికే వేస్తానన్నాను. నీ షాపులో గాలి కూడా కొట్టించుకోను అని, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. దాని టైర్లు చూశాను. ఎండకు చేసిన మామూలు రోడ్డు టైర్లు.

ఆ సాయంత్రమే రూవిలో పాత డ్రైవర్ రూముకు వెళ్ళాను. మంచం మీద కూర్చుని అన్నం తింటున్నాడు. అర్బాబ్‌కు చెప్పానని చెప్పాను. నమ్మలేదని కూడా చెప్పాను. అతను ముద్ద కలుపుతూనే విన్నాడు.

"నాకు చెప్పుడెందుకు సారూ, నాకెర్కనే గదా. అక్కకు చెప్పు. నేను పండుకున్ననని ఆమె గూడ అనుకుంటే... గదే నాకు మనసున పడ్తలేదు."

వంటామె నంబర్ ఇచ్చాడు. రెండు రోజులు ధైర్యం చాలలేదు. గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ షాపులోంచే చేశాను. నేనెవరో చెప్పి, తప్పు నాదని చెప్పాను. అవతల కోళ్ళ అరుపులు వినపడుతున్నాయి.

"ఆ పిల్లోడు నిద్రబోలేదని నాకు దెలుసన్నా" అంది. "మలుపుకు ముందే, గట్టిగా పట్టుకో అక్కా అన్న్యాడు. బ్రేక్ తొక్కినాడు. బండి ఇనలా. లోయకు పోతావుంటే కొండకు తిప్పినాడు. నేను పక్కనే ఉంటి. ఒగరన్నా నన్ను అడిగినారా?"

అడగలేదు. ఆసుపత్రిలో అర్బాబ్ అడగలేదు, నేను అడగలేదు, గ్రూపులో అంత రాసుకున్నవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. బండిలో ఉన్న రెండో మనిషి ఆమే.

తర్వాత ఆమే అడిగింది. "ఇప్పుడు క్యాంపు బండికి యే టైర్లుండాయి?"

చెప్పాను.

"ఈపొద్దు బేస్తవారం గదా" అంది. "రేపు తెల్లార్తోనే రొట్టెలకు దిగుతారు."

అర్బాబ్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అజైబా ఇంటికి వెళితే బండి పొద్దునే కొండెక్కిందని గేటు దగ్గర చెప్పారు. షాపు పికప్‌లో రెండు బస్తాల ఇసుక వేసుకుని బయల్దేరాను. క్యాంపుకు వెళ్ళి చెప్పినా ఆయన వింటాడన్న నమ్మకం లేక, రాత్రి కింద ఒక ఊళ్ళో బండిలోనే పడుకున్నాను. వెలుతురు రాకముందే మలుపుకు చేరాను. పికప్‌ను దిగువన ఆపి నడుచుకుంటూ వెళ్ళాను. ముందురోజు ట్యాంకర్ ఎప్పటిలాగే వెళ్ళినట్టుంది, నీళ్ళు ఎప్పటిలాగే కారాయి. బూటు పెడితే అదే అద్దం. అంత నిశ్శబ్దంలో ఎక్కడో రాయి ఒకటి దొర్లి లోయలోకి పోయింది. అది ఎక్కడ ఆగిందో వినపడలేదు.

దిగువ వైపు నుంచి ఇసుక చల్లడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు, పైన ఇంజన్ చప్పుడు వినపడింది. బస్తా వదిలేసి, కొండ పక్కకు ఒదిగి, రెండు చేతులూ ఊపాను. లైట్లు మలుపు తిరిగి నా మీద పడ్డాయి.

కొత్త డ్రైవర్ బ్రేక్ వేశాడు. ముందు చక్రాలు బిగుసుకుపోవడం నా కళ్ళతో చూశాను. తిరగడం లేదు, అయినా బండి వస్తూనే ఉంది. చప్పుడు లేకుండా, నెమ్మదిగా, ముందుభాగం లోయ వైపు తిరుగుతూ వచ్చింది. ఇసుక మీదికి రాగానే కరకరమని పట్టి ఆగింది.

డ్రైవర్ పక్కన అర్బాబ్ ఉన్నాడు. ఆయన తలుపు తీసి, కాలు కింద పెట్టి, జారి, తలుపు పట్టుకున్నాడు. నన్ను చూడలేదు. బండి జారివచ్చిన దారి వైపు తిరిగాడు. ఫోన్ లైటు వేసి, వంగి, కాంక్రీట్ మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా వెతికాడు.

గుర్తు ఒక్కటి కూడా లేదు.

ఆయన అలా వంగే, వెనక్కి తిరగకుండానే, ఆ జగిత్యాల డ్రైవర్ ఇప్పుడు ఏ సైట్‌లో ఉన్నాడని అడిగాడు.